ముప్పై నాలుగో నిమిషం

మా మేనల్లుడి కాలు ఎవరివల్ల పోయిందని అడిగితే ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. మైదానం రాయిలా ఉందంటారు, కొత్త మేనేజర్ కసాయివాడంటారు, వాడి రాత అంతేనంటారు. నా పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. అందుకే నేనే ఎత్తుకుంటున్నాను.

నేను సైన్‌బోర్డులు రాసేవాణ్ణి. లారీల వెనకాల, కొట్ల తలుపుల మీద, బడి గోడల మీద రాస్తాను. మా దుకాణం ముందు ఒక పొడుగు బల్ల ఉంది. సాయంత్రం అయిదు దాటితే ఆ బల్ల మీద ముగ్గురం చేరతాం: నేను, పక్క కొట్లో సెలూన్ నడిపే ఆయన, రిటైరైన బస్సు కండక్టర్ బాబాయి. మేం ముగ్గురం ఆ బల్ల మీద కూర్చుని నడిపినన్ని ఫుట్‌బాల్ జట్లు లోకంలో ఏ మేనేజరూ నడిపి ఉండడు. ఆడి చూపించమంటే మాత్రం ముగ్గురి ఒంట్లో కలిపి వీధి చివరిదాకా పరిగెత్తే ఊపిరి లేదు.

మా ఊరి జట్టు ఆడే లీగ్ వానలతో మొదలై ఎండలు ముదిరేసరికి ముగుస్తుంది. ఆ ఏడు వానల్లోనే మా అక్క కొడుక్కి పెద్ద జట్టులో చోటు దొరికింది. పదిహేడు నిండి నెల తిరగలేదు. ఇంట్లో వాడి పేరు పొడుగోడు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సిందే. డిఫెండర్. చొక్కా నంబరు ముప్పై నాలుగు.

బావ పోయాక అక్కా వాడూ మా మేడ మీద గదుల్లోనే ఉంటున్నారు. అక్క బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఎనిమిది గంటలూ నిలబడే చేయాలి. చొక్కా తెచ్చుకున్న రోజు వాడు దాన్ని మడత విప్పకుండా మంచం మీద పెట్టుకుని చూసుకుంటుంటే, అక్క నన్ను వరండాలోకి పిలిచింది.

"ఆట గురించి నాకేం తెలుసురా! వాడు నాతో ఏదీ చెప్పడు, అన్నీ నీతోనే. ఏదైనా ఉంటే నాకో మాట చెప్పు, చాలు."

"అది నువ్వు చెప్పాలా అక్కా?" అన్నాను, పెద్ద మనిషిలాగా.

చొక్కా అయితే ఇచ్చారుగాని వాణ్ణి ఆడించరే! మా మేనేజర్ ముసలాయన. రేడియోవాళ్ళు ఏం అడిగినా ఆయన జవాబు ఒక్కటే. కుర్రాణ్ణి ఎప్పుడు దింపుతారండీ? ఆగుదాం. మరి గోల్స్ ఎవరు ఆపుతారండీ? ఆగుదాం. అందుకే మేం ఆయనకి "ఆగుదాం సారు" అని పేరు పెట్టాం. పేరు పెట్టింది కూడా నేనే. ఆ సీజన్లో జరిగిన చాలా వాటికి పేరు పెట్టింది నేనే.

"ఆ నాలుగో నంబరు వాణ్ణి చూశారా?" అనేవాడు సెలూన్ ఆయన, కత్తి పదును పెట్టుకుంటూ. "వాడు వెనక్కి తిరిగేలోపు నేను ఒక గడ్డం గీసి, మొహానికి నీళ్ళు కూడా కొట్టేస్తాను. ఇంట్లో బంగారంలాంటి పిల్లాణ్ణి పెట్టుకుని వీణ్ణి ఆడిస్తాడేంటండీ!"

కండక్టర్ బాబాయి ఒక్కడే ఒప్పుకునేవాడు కాదు. "ముందు ఆడేవాడు తొమ్మిది బంతులు గాల్లోకి తన్ని పదోది గోల్ కొడితే భుజాల మీద ఊరేగిస్తారు. డిఫెండర్ ఎనభై తొమ్మిది నిమిషాలు కాపలా కాసి ఒక్కసారి జారితే దొంగని చూసినట్టు చూస్తారు. చిన్నపిల్లాడు ఆ చూపులు తట్టుకోగలడా? నిదానమే ప్రధానంరా."

"ఆలస్యం అమృతం విషం బాబాయ్," అనేవాణ్ణి నేను. రెండూ పెద్దలు చెప్పినవే. ఎవడికి కావలసింది వాడు ఏరుకుంటాడు.

వరసగా మూడు ఓడాం. ఒకటి డ్రా. పొడుగోడికి రెండుసార్లు ఆఖరి పది నిమిషాలు ఇచ్చారు. ఆ ఇరవై నిమిషాల్లో వాణ్ణి దాటి ఈగ కూడా వెళ్ళలేదు. ఇక నాకు ఆగడం చేతకాలేదు. అప్పుడు పుట్టింది నా బుర్రలో ఆ చప్పట్ల ఆలోచన. ముప్పై నాలుగో నిమిషం రాగానే మా స్టాండంతా లేచి నిలబడాలి. ఆటకేసి కాదు, బెంచీకేసి తిరగాలి. నిమిషంపాటు ఆపకుండా చప్పట్లు కొట్టాలి. బుర్ర నాది, నోరు నాదీ సెలూన్ ఆయనదీ. మొదటి వారం పన్నెండుమంది లేచాం. నాలుగో వారానికి స్టాండు మొత్తం లేచింది, ఎదుటి స్టాండు కూడా అందుకుంది. బెంచీ మీద పొడుగోడు తల వంచుకుని బూటు లేసులు సర్దుకునేవాడు. ఆగుదాం సారు మాత్రం ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

బాబాయి కూర్చునే ఉండేవాడు. "నేను టికెట్టు కొన్నది ఆట చూడ్డానికి," అనేవాడు.

అయిదో వారం నేను బ్యానర్ రాస్తున్నాను. దుకాణం నేలంతా పరిచిన గుడ్డ. "ఆగింది చాలు, దిగిపో." ఒక్కో అక్షరం మూడడుగులు. చివరి అక్షరం మీద కుంచె ఉండగా గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. చూస్తే ఆగుదాం సారు. టీవీలో కన్నా పొట్టిగా ఉన్నాడు. దాయడానికి అదేమైనా చిన్న కాగితమా! కాళ్ళ కింద గది నిండా పరుచుకుని ఉంది.

ఆయన మొత్తం చదివాడు. "అక్షరాలు బాగా కుదిరాయండీ," అన్నాడు.

"కూర్చోండి సార్."

"కూర్చోవడానికి రాలేదు. కుర్రాడి మేనమామ మీరేనటగా? వాడు ఏడాదిలో మూడంగుళాలు పెరిగాడు. ఎముక పెరిగినంత తొందరగా బలం రాదు. ప్రాక్టీసులో కుడికాలు దాచుకుంటున్నాడు. ఏంటిరా అంటే ఏం లేదు సార్ అంటాడు. ఇంట్లో ఏమైనా చెప్పాడా?"

"లేదండీ." అప్పటికి అది నిజమే.

"చెబితే నాకు కబురు పెట్టండి. డాక్టరుకి చూపిద్దాం. ఈ ఒక్క సీజన్ వాణ్ణి కాపాడితే పదేళ్ళు ఆడతాడు."

నాకు అందులో నా మేనల్లుణ్ణి తొక్కిపెట్టే సాకు తప్ప ఇంకేం వినపడలేదు. "పదేళ్ళ సంగతి తర్వాత. వచ్చే నెల మీరుంటారా సార్?" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. గుడ్డకేసి ఇంకోసారి చూసి, "అది మీ చేతుల్లో ఉన్నట్టుందండీ," అని, తడి అక్షరాలు తొక్కకుండా అంచు వెంబడే నడిచి వెళ్ళిపోయాడు. సాయంత్రం బల్ల దగ్గర నేను ఆ మాటలన్నీ ఆయన గొంతుతో వినిపించాను. సెలూన్ ఆయన కడుపుబ్బ నవ్వి, "తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఇదే," అన్నాడు. బాబాయి నవ్వలేదు. "ఆయన వానలో నీ దాకా నడిచి వచ్చాడా?" అని మాత్రం అడిగాడు.

బ్యానర్ రెండు మ్యాచ్‌లకి వేలాడింది. మూడో మ్యాచ్‌కి ఆయన లేడు.

కొత్తాయన వచ్చీ రాగానే పొడుగోణ్ణి దింపాడు. ఆ తర్వాతి ఆరువారాలు మా ఇంట్లో ఎవరి కాళ్ళూ నేల మీద లేవు. ఆరింట అయిదు గెలిచాం. వాడు కార్నర్లలో తల ఎత్తితే ఎదుటివాళ్ళు భుజం దగ్గరికి కూడా వచ్చేవాళ్ళు కాదు. ముప్పై నాలుగో నిమిషంలో చప్పట్లు మానలేదు, ఇప్పుడు బెంచీకేసి కాకుండా వాడికేసి తిరిగి కొట్టేవాళ్ళం. వాడు ఎక్కడున్నా ఒక్కసారి చెయ్యెత్తేవాడు. ముగ్గురు లారీవాళ్ళు వచ్చి తమ బండ్ల వెనక ఆ అంకె రాయించుకున్నారు. ఫ్యాక్టరీలో అక్కని పేరుపెట్టి పిలిచేవాళ్ళే లేరు, అందరికీ పొడుగోడి అమ్మే. ఒకరోజు సూపర్‌వైజరు తనకి స్టూలు తెచ్చి వేశాడట. "ఇరవై ఏళ్ళలో మొదటిసారిరా, కూర్చుని ప్యాకింగ్ చేశాను!" అని మెట్లెక్కుతూ అక్క నవ్వింది. బావ పోయాక తను పళ్ళు కనిపించేలా నవ్వడం నేను చూడలేదు. ఆ నవ్వు నేనే తెచ్చిపెట్టాననుకున్నాను. అలా అనుకున్నాను, అదే నా పాపం.

ఇంకా నాలుగు మ్యాచ్‌లున్నాయి. కప్పు మా వైపే నడిచి వస్తోంది. ఒక పొద్దున నేను పెరట్లో కుంచెలు కడుగుతుంటే పొడుగోడు మేడ దిగుతున్నాడు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, గోడ పట్టుకుని దిగుతున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి కాసేపు ఆగాడు.

"మామయ్యా, ఓ మాట."

"చెప్పరా."

"కుడి మోకాలు. లోపల ఏదో ఇరుక్కున్నట్టుంటోంది. ఒక్కోసారి మడిస్తే మళ్ళీ చాచడానికి రావట్లేదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"వానల్లోనే మొదలైంది. అప్పుడు కొంచెమే. ఇప్పుడు రోజూ."

ముసలాయన అడిగిన మాట నాకు గుర్తొచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను.

"కొత్తాయనకి చెప్పావా?"

"చెబితే తీసేస్తాడు. తీసేస్తే మీరంతా మళ్ళీ..." అని ఆగిపోయాడు. తర్వాత మెల్లిగా, "అమ్మకి చెప్పనా?" అన్నాడు.

వాడు అనుమతి అడుగుతున్నాడు. పదిహేడేళ్ళవాడు, తన కాలు తనకి నొప్పిగా ఉందని కన్నతల్లికి చెప్పుకోవడానికి నన్ను అడుగుతున్నాడు. నేను కుంచెలు దులిపి, నవ్వుతూ అన్నాను: "మీ అమ్మ మోకాళ్ళు ఇరవై ఏళ్ళుగా నొప్పే. అయినా ఎనిమిది గంటలు నిలబడట్లేదూ? ఇంక నాలుగే నాలుగు మ్యాచ్‌లురా. ఆ తర్వాత నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఇప్పుడు అమ్మని కంగారు పెట్టడం ఎందుకు?"

"సరే మామయ్యా."

అంత తొందరగా ఒప్పుకున్నాడు. ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే బావుండేదని ఇప్పుడనుకుంటాను. ఆ రోజు మాత్రం బుద్ధిమంతుడనుకున్నాను. నడుం నొప్పికి మా ఆవిడ రాసుకునే మందు డబ్బా తెచ్చి వాడి చేతిలో పెట్టాను.

నాలుగింట్లో మొదటిది గెలిచాం. రెండోది మా మైదానంలోనే, మధ్యాహ్నం ఎండలో. స్టాండు కిక్కిరిసి ఉంది. అక్కకి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. ఆట మొదలైన కాసేపటికే వాడి నడక నాకు తేడాగా కనపడింది. బంతి దూరంగా ఉన్నప్పుడు రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి వంగి నిలబడుతున్నాడు. ఎదుటివాడు ఒకసారి వాణ్ణి సులువుగా దాటి వెళ్ళాడు, గోల్‌కీపర్ కాపాడాడు.

ముప్పై నాలుగో నిమిషం కావడానికి కొద్ది క్షణాల ముందు బంతి గీత దాటి బయటికి పోయింది. పొడుగోడు బెంచీకేసి తిరిగి కుడిచెయ్యి పైకెత్తాడు. ఎత్తి అలాగే ఉంచాడు. కొత్తాయన పక్కవాడితో ఏదో మాట్లాడుతున్నాడు, చూడలేదు. అదెందుకు ఎత్తాడో అక్కడున్న వేలమందిలో ఒక్కడికే తెలుసు.

గడియారం మారింది. స్టాండంతా ఒక్కసారిగా లేచింది. చప్పట్లు.

"ఒరేయ్," అన్నాడు పక్కన కూర్చునే ఉన్న బాబాయి. "కుర్రాడు బెంచీకి ఏదో చెబుతున్నట్టున్నాడురా."

"కాదు బాబాయ్," అన్నాను. "మనకే."

అని నేనూ లేచి కొట్టాను. చేతులు వాటంతటవే లేచాయని చెప్పుకోవచ్చు. లేవలేదు, నేనే లేపాను. అక్కణ్ణుంచి మెట్లు దిగి బెంచీ దాకా వెళ్ళడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషమంతా నేను చప్పట్లు కొట్టాను.

వాడు మా వైపు చూశాడు. పైకెత్తిన చేతిని అలాగే తిప్పి మాకేసి ఊపాడు. స్టాండు దద్దరిల్లిపోయింది. సెలూన్ ఆయన నా వీపు మీద చరిచి, "చూశారా, ఎంత ఒదిగి ఉంటాడో మన పిల్లాడు!" అన్నాడు. వాడు చెయ్యి దించి, వెనక్కి తిరిగి తన చోటికి నడిచాడు.

అరవై ఒకటో నిమిషంలో పడ్డాడు. ఎవరూ తాకలేదు. బంతి ఆ దరిదాపుల్లో కూడా లేదు. ఊరికే పక్కకి తిరగబోయాడు, అంతే. ఆ దూరానికి ఏమీ వినపడదని తెలుసు, అయినా నాకు ఏదో వినపడింది. బాబాయి అప్పుడు లేచి నిలబడ్డాడు.

అక్క ఫ్యాక్టరీ నుంచి తలకి పెట్టుకున్న వల టోపీ కూడా తీయకుండా ఆసుపత్రికి వచ్చింది. పరీక్షలన్నీ అయ్యేసరికి రెండు రోజులు పట్టింది. మూడోరోజు డాక్టరమ్మ మమ్మల్ని వాడి మంచం దగ్గరికే పిలిచి, ఎక్స్‌రే ఫోటో వెలుతురుకి పట్టి చూపించింది. మోకాలి లోపల ఎముక చివర ఒక ముక్క చాన్నాళ్ళుగా ఊడుతూ వచ్చిందట. మొన్నటితో పూర్తిగా విరిగి, చుట్టుపక్కల పొరనంతా గీసేసిందట.

"వానల్లో మొదలైందంటున్నాడు," అందామె. "అప్పుడే తెచ్చి ఉంటే మూణ్ణాలుగు నెలలు ఆట మానేస్తే సరిపోయేదమ్మా. కిందటి నెల తెచ్చినా చిన్న ఆపరేషన్‌తో పోయేది. ఇప్పుడు నడిపిస్తాను, అంతవరకు నాది పూచీ. ఆట సంగతి మాత్రం మర్చిపోండి." తర్వాత వాడికేసి తిరిగి, "ఇంత నొప్పి ఎవరికీ చెప్పకుండా ఎలా ఓర్చుకున్నావయ్యా?" అంది.

వాడు దుప్పటి అంచు సర్దుకున్నాడు. ఆమె వెళ్ళిపోయింది. గదిలో ముగ్గురం మిగిలాం. అక్క నాకేసి తిరిగింది. నిలదీయడానికి కాదు. దారి తప్పినవాళ్ళు ఎదురొచ్చిన మనిషిని అడుగుతారే, అలా అడిగింది.

"నీకేమైనా చెప్పాడట్రా?"

నేను నోరు తెరిచాను. ఒక మైదానం మొత్తాన్ని లేపి నిలబెట్టిన నోరు అది. చెబుదామనే తెరిచాను, ఆ సంగతి నేను నమ్ముతాను, ఇంకెవరూ నమ్మక్కర్లేదు. నాకన్నా ముందు వాడి గొంతు వినపడింది.

"లేదమ్మా. మామయ్యకి తెలిస్తే ఆడనివ్వడని చెప్పలేదు."

నేను వాడికేసి చూశాను. వాడు నాకేసి చూడలేదు. అక్క నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "చూశావట్రా, నీ దగ్గర కూడా దాచాడు! నీకు ఒక్క ముక్క చెప్పి ఉంటే నువ్వు ఊరుకునేవాడివా!"

నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

జట్టు మూడో స్థానంలో ముగించింది. సెలూన్ ఆయన వచ్చి, పిల్లాడి ఉసురు పోసుకున్న కొత్తాయన దిగిపోవాలంటూ బ్యానర్ రాయమన్నాడు. ఈసారి అక్షరాలు నాలుగడుగులుండాలన్నాడు. రాయనన్నాను. బాధలో ఉన్నాడు పాపం, అని అందరూ నన్ను ఓదార్చారు. బాబాయి ఒక్కడే ఆ మాట అనలేదు, మర్నాటి నుంచి బల్ల దగ్గరికి రావడం మానేశాడు.

అక్క మళ్ళీ నిలబడి చేసే పనికి వెళ్ళిపోయింది. స్టూలు తీసేశారని తను చెప్పలేదు, నేను అడగలేదు. సెలవు దొరకదు కాబట్టి వారం వారం పొడుగోణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళే పని నాకే అప్పగించింది. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి బయల్దేరుతున్నప్పుడు వాడి చొక్కా గుండీలు పెడుతూ, "ఇకమీదట నొప్పుంటే దాచకురా నాన్నా. నాకు కాకపోతే మామయ్యకైనా చెప్పు," అంది. "అలాగేనమ్మా," అన్నాడు వాడు.

ఆసుపత్రిలో వాణ్ణి రెండు కమ్మీల మధ్య నిలబెట్టి నడిపిస్తారు. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. నేను చివర నిలబడి ఉంటాను. మొన్న మూడో అడుగు దగ్గర వాడి మొహం పాలిపోయింది, పెదవి కొరుక్కున్నాడు, కమ్మీ పట్టుకున్న వేళ్ళు బిగుసుకుపోయాయి.

"నొప్పిగా ఉందిరా?" అన్నాను.

"లేదు మామయ్యా," అన్నాడు.